తెల్ల ముక్క బదులు పసుపు ముక్క

పొద్దున లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని ఆకాశం చూడటం. ముఖం కడుక్కోకముందే, జుట్టు ముడి వేసుకోకముందే, వీధి తలుపు తీసి మెట్టు మీద నిలబడి తల ఎత్తుతుంది. మబ్బు పట్టి ఉంటే ఎటు నుంచి పట్టిందో చూస్తుంది. తర్వాత లోపలికి వచ్చి, కూతురి బడి వ్యాను డ్రైవరుకు ఫోను చేస్తుంది.

"బాబూ, ఇవాళ వస్తున్నావా?"

"నేను బతికే ఉన్నానమ్మా. బండి కూడా బతికే ఉంది. ఇద్దరం వస్తున్నాం."

"బడి ఉందిగా?"

"నిన్న సాయంత్రం చూసినప్పుడు అక్కడే ఉంది. రాత్రికి రాత్రి ఎవరూ ఎత్తుకుపోకపోతే ఇవాళా ఉంటుంది."

రోజూ అదే ప్రశ్న అడుగుతుందని ఆ డ్రైవరు రోజుకో జవాబు తయారు చేసి పెట్టుకుంటాడు. ఆమె నవ్వదు. ఫోను పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళి, గోడ వెంబడి కట్టిన తాడు మీద గుడ్డ ముక్కలు ఒక్కొక్కటే క్లిప్పు పెట్టి తగిలిస్తుంది. వాన వచ్చేలా ఉంటే ఒకటి తగిలించదు. వ్యాను రానంటే ఇంకొకటి తగిలించదు. జరుగుతుందని తేలనిదేదీ ఆ తాడు ఎక్కదు.

ఇరుగుపొరుగు దీన్ని చాదస్తం అంటారు. పిల్లకు ఎలాగూ లేదు, తల్లికి ఉన్న తెలివీ పోయింది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆమె విననట్టే ఉంటుంది.

ఆ వీధిలో ఆమె పేరు ఎవరికీ అవసరం పడలేదు. చిన్నా పెద్దా అందరికీ టైలరమ్మే. ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన కుట్టు మిషను, వెనక గుడ్డ కత్తిరించే బల్ల, గోడ మేకులకు సగం కుట్టిన చొక్కాలు. చొక్కాలు, యూనిఫాంలు ఆమె చేతి పని. కాలరు వేయడంలో ఆమెకు పేరుంది. "మా కోడలు కుట్టిన కాలరు, మనిషి పడిపోయినా నిలబడే ఉంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అది మెచ్చుకోలో దెప్పో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. భర్త లిఫ్టు మెకానిక్కు. ఎత్తైన భవనాల్లో ఎక్కడ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తాలి. "పొద్దస్తమానం పైకీ కిందకీ తిరుగుతాడు, ఎక్కిందీ లేదు దిగిందీ లేదు" అనేది కూడా ఆ అత్తగారే, కన్నకొడుకు గురించి.

వీళ్ళకు ఒక్కతే కూతురు. ఉయ్యాలలో ఉండగానే రెండు చేతులూ రెక్కల్లా టపటపలాడించేదని నానమ్మ గువ్వ అని పిలిచింది. అదే పేరు నిలిచింది. ఎందుకలా ఆడిస్తోందో అప్పుడెవరికీ తెలియదు, ముద్దుగా ఉందనుకున్నారు. పిలిస్తే తల తిప్పేది కాదు, కానీ మిషను చప్పుడు ఆగితే తిప్పేది. మిషను కింద కూర్చుని దారం చుట్టే ఖాళీ బాబిన్లను బొంగరాల్లా తిప్పుకునేది. మూడేళ్ళు దాటినా మాట రాలేదు.

"మా ఇంట్లో మాటలు ఆలస్యమే. వీడికి నాలుగేళ్ళొచ్చేదాకా నోరు పెగల్లేదు" అంది అత్తగారు కొడుకును చూపిస్తూ. "ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతున్నాడు గనక!"

ఆ మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ కొంతకాలం ధైర్యంగా ఉన్నారు. తర్వాత పిల్లల డాక్టరు చెప్పాడు, ఇది ఆటిజం అని, మందు వేస్తే తగ్గే జబ్బు కాదని, ఆ పిల్ల లోకాన్ని చూసే తీరే వేరని, ఏది ఎప్పుడు జరుగుతుందో ముందుగా తెలిస్తే ఆమెకు సగం భయం తగ్గుతుందని. టైలరమ్మకు ఆ పూట చివరి మాట ఒక్కటే బుర్రకెక్కింది. మిగతావి అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది.

అప్పటికి ఆ ఇంట్లో స్నానమంటే యుద్ధం. తల్లి చంకలో ఎత్తుకుని పోవడం, పిల్ల గోళ్ళతో గీరడం, నానమ్మ తలుపు దగ్గర నిలబడి సలహాలివ్వడం. గువ్వను చేర్చిన ప్రత్యేక బడిలో టీచరుకు ఇదంతా చెబితే ఆవిడ అడిగింది: "మీరు హాయిగా కూర్చుని ఉంటే ఎవరో చెప్పాపెట్టకుండా వచ్చి ఎత్తుకెళ్ళి నీళ్ళలో కూర్చోబెడితే, మీరు అరవరా?"

"అరుస్తానండీ."

"తనూ అంతే. మనం చెప్తూనే ఉంటాం, కానీ తనకు అందేలా చెప్పడం లేదు."

టీచరు బొమ్మల అట్టలు ఇచ్చింది. స్నానానికొక బొమ్మ, బడికొక బొమ్మ, నిద్రకొక బొమ్మ. గోడకు వరసగా అంటించి, అయిపోయిందల్లా తీసేయమంది. గువ్వ వారం తిరక్కుండానే అన్నిటినీ నమిలేసింది.

"పోనీలే" అంది నానమ్మ. "బడి మొత్తం మింగేసింది, ఇక చదువుకు లోటు లేదు."

టైలరమ్మకు దారి దొరికింది మిషను ముందే. ఒకరోజు ఆమె చిరిగిన తువ్వాలు అంచు కుడుతుంటే, కింద ఆడుకుంటున్న గువ్వ ఆ గుడ్డను వేళ్ళతో నలిపి, లేచి, తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళి నిలబడింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. తల్లి కాలు పెడలు మీదే ఉండిపోయింది. మర్నాడు కావాలనే బడి యూనిఫాం గళ్ళ గుడ్డ చేతికిచ్చి చూసింది. గువ్వ వెళ్ళి చెప్పులు తెచ్చుకుంది.

అలా తాడు వచ్చింది. తువ్వాలు ముక్క ఉంటే స్నానం. గళ్ళ ముక్క ఉంటే బడి. బల్ల మీద పరిచే గుడ్డ ముక్కయితే భోజనం, మెత్తటి దుప్పటి అంచు అయితే నిద్ర. గంజి పెట్టి గరగరలాడే తెల్ల ముక్క డాక్టరు. చేతిలోంచి జారిపోయే నున్నటి పసుపు ముక్క పార్కులో ఉయ్యాల. అది గువ్వ మొదటిసారి ఉయ్యాల ఎక్కిన రోజు వేసుకున్న గౌను గుడ్డ. పొద్దున్నే ఆ రోజుకు కావలసినవి తల్లి ఎడమ నుంచి కుడికి తగిలించేది. ఒక పని అయ్యాక గువ్వే వచ్చి ఆ ముక్కను లాగి కింద బుట్టలో పడేసేది. కుడిచివరి ముక్క కూడా బుట్టలో పడితే రోజు అయిపోయినట్టు.

తెల్ల ముక్క ఉన్న పొద్దుటిపూట ఇల్లు దద్దరిల్లేది. గువ్వ మణికట్టు కొరుక్కునేది, గది నాలుగు మూలలూ తిరిగేది, తాడు దగ్గరికి వచ్చి చూసి మళ్ళీ అరుస్తూ పోయేది. కానీ అరిచి అరిచి చివరికి చెప్పులు వేసుకునేది. తెల్లదాని పక్కన పసుపుది ఉండేది కదా. ముందు ఇది, తర్వాత అది. నోటిమాటల్లో ఎన్ని మెలికలుంటాయో ఆ పిల్లకు తెలియకపోవచ్చు. తాడు మాటలో మెలికలు లేవు. తాడు చెప్పిందంటే జరిగినట్టే.

గువ్వకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా పంటి నొప్పి వచ్చింది. చెంప మీద తనే కొట్టుకునేది, అన్నం పెడితే పళ్ళెం నెట్టేసేది. నొప్పి అని చెప్పే నోరు లేదు. పళ్ళ డాక్టరు చూసి, చీము పట్టింది, రేపు పొద్దున్నే తీసుకురండి, పన్ను తీసేద్దాం, ఇంకా నాన్చితే ప్రమాదం అన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నానికే నర్సుల శిక్షణ బడికి యూనిఫాంలు అందించాలి. గుండీల కాజాలు ఇంకా మిగిలి ఉన్నాయి. భర్త ఊరి అవతల కొత్త భవనంలో పనిలో ఉన్నాడు, రావడానికి వీలు లేదు. తెల్ల ముక్క పెడితే పూట మొత్తం పోతుంది. అరుపులు, కొరుక్కోవడం, బతిమాలడం, అవన్నీ అయ్యాక బయలుదేరేసరికి డాక్టరూ ఉండడు, యూనిఫాంలూ అందవు.

తెల్లవారాక టైలరమ్మ బుట్టలోంచి తెల్ల ముక్క తీసింది. కాసేపు చేతిలో పట్టుకుంది. మళ్ళీ బుట్టలో పెట్టి పసుపు ముక్క తీసి తాడుకు తగిలించింది.

గుమ్మంలో అత్తగారు. "ఏమే, ఇవాళ పార్కా? పంటి డాక్టరన్నావు?"

"పార్కుకే అత్తయ్యా. మీరు గట్టిగా అనకండి."

"పిల్లకి మాటలు తెలియవుగా, గట్టిగా అంటే ఏంటి, మెల్లగా అంటే ఏంటి?"

"అత్తయ్యా."

అత్తగారు పసుపు ముక్కను చూసింది, కోడలిని చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

గువ్వ తాడు చూడగానే చేతులు టపటపలాడించింది. చెంప వాచి ఉన్నా నవ్వింది. చెప్పులు తనే వేసుకుంది, తల్లికంటే ముందు మెట్టు దిగింది. ఆ పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు, రోడ్డు మీద తల్లే ఆమె మణికట్టు పట్టుకుని నడిపించాలి. ఆ రోజు మాత్రం తనంతట తనే తల్లి అరచేతిలో వేళ్ళు పెట్టింది.

మూల మీద మందుల దుకాణం ఉంది. అక్కడ కుడికి తిరిగితే పార్కు, ఎడమకు తిరిగితే పళ్ళ డాక్టరు. తల్లి ఎడమకు తిరిగింది. గువ్వ ఆగి, చేతిని కుడివైపుకు ఒకసారి లాగింది. గట్టిగా కాదు. దారి మరిచిపోయిన మనిషిని సరిదిద్దినట్టు, మెల్లగా. తల్లి కదలకపోయేసరికి తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల.

"ఇటు నుంచి కూడా పార్కే తల్లీ. రా" అంది టైలరమ్మ.

తర్వాత జరిగినది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. డాక్టరు మంచివాడు, చెయ్యి తేలికైనవాడు. అయినా నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ నలుగురిలో తల్లి ఒకతె, కాళ్ళ దగ్గర. పన్ను వచ్చేసింది. అయిపోయాక గువ్వ అరవలేదు, ఏడవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టైలరమ్మ పిల్లను పార్కుకు తీసుకెళ్ళింది. యూనిఫాంలకు ఆలస్యమవుతున్నా వెళ్ళింది. చెప్పింది చేస్తే అబద్ధం కాకుండా పోతుందనుకుంది. ఉయ్యాల ఖాళీగానే ఉంది.

"చూడు, వచ్చాం కదా. ఎక్కు."

నోట్లో దూదితో గువ్వ గేటు ఊచ పట్టుకుని నిలబడింది. ఉయ్యాల వైపు చూడను కూడా లేదు. లోపలికి రమ్మని తల్లి చెయ్యి చాస్తే, ఆ చేతిని చూసి, తన చెయ్యి వీపు వెనక పెట్టుకుంది.

యూనిఫాంలు మాత్రం చెప్పిన వేళకే అందాయి. కాజాలు ఎంత ఒద్దికగా ఉన్నాయో అని అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఆమె తల దించుకుని విని వచ్చేసింది.

మర్నాటి నుంచి గువ్వ తాడు దగ్గరికి రాలేదు. తల్లి తువ్వాలు ముక్క తీసుకెళ్ళి చేతికిస్తే వాసన చూసి విసిరేసింది. స్నానం మళ్ళీ యుద్ధమైంది, అదీ మునుపటి కంటే పెద్ద పిల్లతో. గళ్ళ ముక్క చూపిస్తే గుమ్మం పట్టుకుని వేలాడింది. ఎందుకు వేలాడదు? గళ్ళ ముక్క అంటే బడే అని నమ్మకమేముంది? దుప్పటి ముక్క చూపించి ఏ నలుగురి చేతుల్లో పెడతారో? భోజనం నానమ్మ పెడితే తినేది, తల్లి పెడితే నోరు బిగించేది. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది.

అందరూ టైలరమ్మను ఓదార్చారు.

"పంటి నొప్పి, రక్తం, అంతమంది పట్టుకోవడం. బెదిరిపోయింది పాపం. మీ తప్పేం లేదమ్మా, మెల్లగా కుదుటపడుతుంది" అంది టీచరు.

"అవునండీ" అంది టైలరమ్మ.

"నువ్వు ఒక్కదానివే ఎలా పట్టుకున్నావో ఏంటో, నేనుండాల్సింది" అన్నాడు భర్త.

తప్పు లేదన్న ప్రతి మాటా ఆమె మీద ఇంకో కుట్టు వేసి పోతున్నట్టుండేది. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేయొచ్చు. కత్తెర తప్పితే గుడ్డ పాడైనట్టే. ఇది కుట్టు తప్పో కత్తెర తప్పో ఆమెకు తేలలేదు. మిషను మీద చెయ్యి ఆడుతూనే ఉండేది, కళ్ళ ముందు మాత్రం ఆ మూల, మందుల దుకాణం, మెల్లగా కుడికి లాగిన చిన్న చెయ్యి.

అన్నిటికంటే భరించరానిది అత్తగారి మౌనం. తెలిసింది ఆవిడ ఒక్కదానికే. చొక్కాకు గుండీ ఊడితే వీధంతా చెప్పే మనిషి, ఈ ఒక్క విషయంలో పెదవి విప్పలేదు. మనవరాలికి ముద్దలు పెడుతూ, కోడలు గదిలోకి వస్తే ముఖం పక్కకు తిప్పుకునేది.

ఒక సాయంత్రం భర్త పని నుంచి రాగానే చొక్కా చేతులు దించుకుంటూ చెప్పాడు: "వెళ్ళి అడిగేసి వచ్చాను."

"ఎవర్ని?"

"ఆ పళ్ళ డాక్టర్ని. పసిపిల్లని అలా పట్టుకుంటారా, మనుషులేనా మీరు, మా పిల్ల మళ్ళీ మొదటికొచ్చింది మీ మూలంగానే అని. అక్కడ కూర్చున్నవాళ్ళంతా విన్నారు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? తప్పే, ఇంకొంచెం ఓపిక పట్టాల్సింది, క్షమించండి అన్నాడు. తల వంచుకున్నాడు. అంటే తప్పు చేసినట్టేగా!"

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తన తప్పుకు ఇంకొక మనిషి నలుగురి ముందు తల వంచుకున్నాడు. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు.

చెప్పక తప్పని రోజు ఒకటి వచ్చింది. పన్ను తీసిన చోట పుండు మానిందో లేదో చూడాలని, పక్క పన్ను కూడా పుచ్చుతున్నట్టుంది తీసుకురమ్మని ఆ డాక్టరే ఫోను చేశాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త ఆ మాట వినగానే ముద్ద పళ్ళెంలో వదిలేశాడు.

"ఆయన దగ్గరికా? ప్రాణం పోయినా వద్దు. వేరే డాక్టర్ని చూస్తాను."

"ఆయన తప్పు లేదండీ."

"నీకు అందరూ మంచివాళ్ళే."

"కాదు. నేనే ఆ రోజు తాడు మీద పసుపుది పెట్టాను. పార్కని చెప్పి తీసుకెళ్ళాను. మూల మీద నా చెయ్యి లాగింది కూడా. అయినా తీసుకెళ్ళాను." ఆమె పళ్ళెం వైపే చూస్తూ చెప్పింది. "యూనిఫాంలు ఇవ్వాలని."

భర్త పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు: "నేనాయన్ని అంతమందిలో తిట్టి వచ్చాను కదే."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "ఇన్నాళ్ళకి నోరు తెరిచింది తల్లి! చెప్పకుండా ఉండలేక కడుపుబ్బి చచ్చిపోతున్నాను."

"నీకూ తెలుసా అమ్మా?" అన్నాడు కొడుకు.

"కళ్ళతో చూశాను."

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"నేను చెబితే అత్త కోడలి మీద చాడీలు చెప్పినట్టుంటుంది. దాని తప్పు, అదే చెప్పుకోవాలి." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నేనూ ఆ పూట నిన్ను ఆపలేదు. ఆపితే ఆగేదానివేమో. అది నా వాటా. ఉంచుకుంటాలే."

మర్నాడు టైలరమ్మ బడికి వెళ్ళి టీచరుకు కూడా చెప్పింది. టీచరు ఓదార్చలేదు ఈసారి. ముఖం కందగడ్డలా చేసుకుంది.

"పుండు ఒకచోట ఉంటే నేనిన్నాళ్ళూ ఇంకోచోట మందు రాస్తున్నానమ్మా. మొదటి రోజే చెప్పి ఉండాల్సింది."

"ఏం చేస్తే మళ్ళీ నమ్ముతుందండీ?"

"నాకు తెలియదు. నిజం. ప్రతి పిల్లా వేరు. ఒకటి మాత్రం చెప్పగలను. తీపి కబురు ఎవరైనా చెబుతారు. చేదు కబురు కూడా దాచకుండా ముందే చెప్పే మనిషినే మనం నమ్ముతాం. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాలిగా? చెప్పి తీసుకెళ్ళండి. ఎంతసేపు పట్టినా సరే."

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు భర్త సెలవు పెట్టాడు. టైలరమ్మ తాడు మీద తెల్ల ముక్క తగిలించింది. ఇంకేదీ పెట్టలేదు.

"పక్కన పసుపుది పెట్టు. పిల్లకి కాస్త ఊరటగా ఉంటుంది" అన్నాడు భర్త.

"వద్దండీ. అది కనబడితే తెల్లదీ అబద్ధమే అనుకుంటుంది."

గువ్వను పిలవలేదు. ముక్క ఉన్న చోటికి ఆ పిల్ల తనంతట తను వచ్చేదాకా తల్లి తాడు కింద నేల మీద కూర్చుంది. గువ్వ దూరం నుంచి చూసింది. దగ్గరికి వచ్చి గరగరలాడే ఆ గుడ్డను ముట్టుకుంది. అంతే, వెనక్కి పరిగెత్తి మూలన నిలబడి మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది. గోడకు తల కొట్టుకోబోతే తల్లి మధ్యలో దిండు అడ్డం పెట్టింది. బుజ్జగించలేదు. అయిపోతుందనలేదు, నొప్పి ఉండదనలేదు, తర్వాత ఏదో ఇస్తాననలేదు. ఏ మాటా నిజమవుతుందో లేదో ఆమెకే తెలియదు. అరుపులు వింటూ అలాగే కూర్చుంది.

బయట ఎవరో తలుపు తట్టారు. "టైలరమ్మా! నా చొక్కా అయిందా?"

"దుకాణం లేదివాళ" అంది అత్తగారు తలుపు సందులోంచి.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పిల్లకి నిజం చెబుతోంది. టైం పడుతుంది."

ఎండ కిటికీ దాటిపోయాక అరుపులు తగ్గాయి. గువ్వ మూలనుంచి లేచింది. మణికట్టు మీద పళ్ళ గుర్తులు ఎర్రగా లేచి ఉన్నాయి. తాడు వైపు ఇంకోసారి చూసింది. వెళ్ళి చెప్పులు వేసుకుంది.

మూల మీద ఎడమకు తిరిగినప్పుడు ఆ పిల్ల ఆగలేదు, లాగలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తల్లికీ తండ్రికీ మధ్య, నేల చూస్తూ నడిచింది.

డాక్టరు గదిలో మొదట మాట్లాడింది లిఫ్టు మెకానిక్కే. "సార్, ఆ రోజు నేను కొంచెం గట్టిగా..."

"కొంచెమా?" అన్నాడు డాక్టరు. "మా భవనంలో లిఫ్టు ఆగిపోతే ఇక మీరు రారేమోనని భయపడ్డాను."

"ఎప్పుడు పిలిచినా వస్తాను సార్."

"ఆయన అరవాల్సింది నా మీదండీ" అంది టైలరమ్మ. "మీరు ఊరికే మాట పడ్డారు. పార్కని చెప్పి తీసుకొచ్చింది నేను."

డాక్టరు లేచి గువ్వ దగ్గరికి వచ్చాడు. గువ్వను కుర్చీ ఎక్కమనలేదు. పిల్ల నిలబడిన చోటే, తను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని నోరు చూశాడు. పుండు మానింది, పక్క పన్నుకు ఇప్పుడే తొందర లేదు అన్నాడు. ఎవరూ పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇంటికి రాగానే గువ్వ వెనక గదిలోకి వెళ్ళింది. తెల్ల ముక్కను తాడు మీదనుంచి లాగి బుట్టలో పడేసింది. పన్ను తీసిన రోజు తర్వాత ఆమె తాడు మీద చెయ్యి వేయడం అదే మొదలు. టైలరమ్మ ముందు గదిలోకి పోయి మిషను ముందు కూర్చుంది. కుట్టడానికి గుడ్డేమీ పెట్టలేదు. ఊరికే చక్రం తిప్పుతూ ఉండిపోయింది.

దాంతో అంతా చక్కబడిందనుకుంటే పొరపాటు. మర్నాడు తువ్వాలు ముక్కను గువ్వ మళ్ళీ విసిరేసింది. స్నానాన్ని నమ్మడానికి ఒక వానాకాలమంతా పట్టింది. బడిని నమ్మడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. కుదురుకుంటున్న సమయంలో ఒకరోజు గళ్ళ ముక్క తగిలించాక వ్యాను చెడిపోయి రాలేదు. గువ్వ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో కూర్చుంది, ఎవరు పిలిచినా లేవలేదు. ఆ మర్నాటి నుంచే టైలరమ్మ డ్రైవరుకు ఫోను చేయడం మొదలుపెట్టింది. మాట ఇచ్చేముందు ఆ మాట తన చేతిలో ఉందో లేదో చూసుకోవడం ఆమెకు అలా పట్టుబడింది. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా దీనితో విసిగిపోతుంటారు. "చొక్కా ఎప్పుడిస్తావమ్మా?" అంటే "అయ్యాక చెబుతాను" అంటుంది. ఏ రోజుకీ మాట ఇవ్వదు.

భర్త ఒకసారి నచ్చజెప్పబోయాడు. "లిఫ్టు ఒకసారి మధ్యలో ఆగిందనుకో. బాగుచేశాక కూడా కొందరు మెట్లే ఎక్కుతారు. వాళ్ళ తప్పు కాదు, లిఫ్టు తప్పూ కాదు."

"లిఫ్టు తప్పేనండీ" అంది ఆమె. "అదే కదా ఆగింది."

పసుపు ముక్కను ఎన్నిసార్లు పెట్టి చూసినా గువ్వ ముట్టుకోలేదు. టీచరు చెప్పినమీదట దాన్ని తీసేసి, పార్కుకు ఆకుపచ్చ ముక్క ఒకటి పెట్టారు. అది ఉయ్యాల అని కాదు, నడక అని.

గువ్వకు ఇప్పుడు పదమూడేళ్ళు. స్నానం తనే చేస్తుంది, తల మాత్రం నానమ్మ తుడవాలి. వ్యాను చప్పుడు వినగానే లేస్తుంది. తల్లి చేతి ముద్ద తింటుంది. వాన లేని సాయంత్రాలు తల్లీ కూతుళ్ళు పార్కు చుట్టూ నడిచి వస్తారు. రోడ్డు దాటేటప్పుడు గువ్వ తల్లి చెయ్యి పట్టుకోదు, జాకెట్టు చేతి అంచు పట్టుకుంటుంది. టైలరమ్మ జాకెట్లన్నిటికీ ఎడమ చేతి కుట్టే ముందు ఊడుతుంది. ఆదివారాలు దుకాణం మూశాక వాటిని మళ్ళీ కుట్టుకుంటుంది.